ఎనభై డిగ్రీల తేడా

"ఒక్క సంతకమే గద. దోశ తిప్పేటంత సేపు గూడ పట్టది," అంటూ ఉపేందర్ కాగితాల కట్టను పొయ్యి గట్టు మీద పెట్టాడు. ఫ్యాను గాలికి ఎగిరిపోకుండా దాని మీద చట్నీ గిన్నె బరువుంచాడు. సంతకం చేయాల్సిన చోట పెన్సిలుతో చిన్న గుర్తు కూడా వేసి ఉంచాడు, యశోద ఏ మూల పెట్టాలో తెలియక తికమకపడుతుందేమోనన్నట్టు.

యశోద దోశ తిప్పింది. చేతులకు పిండి ఉంటేనేం, చదవడానికి కళ్లు చాలు. ఇంగ్లిషులో ఉన్న ఆ కాగితం సారాంశం ఇదీ: కింద ఇచ్చిన పదకొండు పరిశోధనా పత్రాల్లో ఆలోచన, ప్రణాళిక, రచన డాక్టర్ ఉపేందర్‌వి. నా పాత్ర ప్రయోగశాలలో సహాయం చేయడం వరకే. వీటిని ఆయన ప్రొఫెసర్ పదోన్నతికి వాడుకోవడానికి నాకు ఏ అభ్యంతరమూ లేదు. దాని కింద ఖాళీ గీత, గీత కింద ఆమె పేరు. సోమవారం సాయంత్రంలోగా ఫైలు యూనివర్సిటీలో ఇవ్వాలి. ఆ రోజు శుక్రవారం.

"పెట్టెయ్యరాదూ బిడ్డా, వానికి రైలు టైమైతాంది," అని హాల్లోంచి అత్తగారు మణెమ్మ అందుకుంది. "ఎవరి పేరైతేంది, వచ్చేది ఒక్క ఇంటికే గద."

"చేతులకు పిండున్నది అత్తమ్మా. సోమవారం దాంక టైముంది, పెడత తియ్యి," అంది యశోద.

ఉపేందర్ టిఫిన్ తిని, బాక్సు సంచిలో పెట్టుకుని, గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ గుర్తు తెచ్చుకున్నాడు. "ఆ, గా భూపాలపల్లి పిల్ల మల్ల మెయిల్ వెట్టింది. నాలుగోసారి. నీకు పంపిన. జర ఏదన్న జవాబు రాసి వదిలించు."

ఉపేందర్ చెడ్డవాడేం కాదు. ఆ మాట ముందే చెప్పుకోవాలి, లేకపోతే కథ మరీ తేలికైపోతుంది. తాగడు, తిట్టడు, చెయ్యెత్తడు. నలుగురు వస్తే భార్యను పొగుడుతాడు కూడా. "మా యశోద చెయ్యి మంచిదన్నా, పప్పు చేసినా ల్యాబుల పౌడర్ చేసినా తిరుగుండది," అంటాడు. వచ్చినవాళ్లు నవ్వుతారు, యశోద కూడా నవ్వి టీ తేవడానికి వంటింట్లోకి పోతుంది. ఆ పొగడ్తలో ఏదో తక్కువైందని ఆమెకు మొదటి నుంచీ తెలుసు గానీ, అదేంటో పట్టుకోవడానికి ఏళ్లు పట్టింది. ఆ ఇంట్లో ఆమె చేతికి వచ్చినంత పేరు ఆమె తలకు ఎన్నడూ రాలేదు. ఎమ్మెస్సీలో ఇద్దరూ ఒకే క్లాసు, ఒకే బెంచీ. అప్పుడు ఒకరినొకరు 'నువ్వు' అనుకునేవాళ్లు. పెళ్లయిన వారానికి ఆమె 'మీరు'లోకి మారింది, ఆయన మారలేదు. ఇదేమీ ఎవరో కొట్టి నేర్పింది కాదు. అందరూ అట్లాగే అంటున్నారని ఆమే అనేసింది.

ఇక ఆ పదోన్నతి ఫైలు సంగతి. దాన్ని తయారు చేసింది కూడా యశోదే. మొన్న ఆదివారం మధ్యాహ్నం, అందరి అన్నాలూ అయ్యాక, డైనింగు టేబుల్ తుడిచి లాప్‌టాప్ తెరిచి పట్టిక వేసింది. ఉపేందర్ పేరున మొత్తం ఇరవై మూడు పేపర్లు. సైటేషన్లు ఎనిమిది వందల డెబ్బై ఒకటి, అంటే వేరే శాస్త్రవేత్తలు తమ పేపర్లలో ఆయన పేపర్లను అన్నిసార్లు పేర్కొన్నారన్నమాట. అందులో యశోద పేరు రెండోదిగా ఉన్న పదకొండు పేపర్లకే ఎనిమిది వందల ఆరు. ఆమె పేరు లేని పన్నెండింటికి కలిపి అరవై ఐదు. ఈ కూడిక ఆమె రెండుసార్లు చేసింది, తప్పు పోయిందేమోనని. పోలేదు. బయ్యారం ఎర్రరాయి మీద రాసిన మొదటి పేపరు ఒక్కదానికే మూడు వందల పన్నెండు. వాటిని ఫైల్లో పొందికగా అమర్చి, పైన పెద్దక్షరాల్లో భర్త పేరు తనే టైపు చేసి, లేచి పెరుగు తోడు పెట్టింది.

ఆ ఎర్రరాయి పేపరు ఎట్లా పుట్టిందో పేపర్లో ఉండదు. యశోద పుట్టిల్లు జనగామ. నాయినది కిరాణా దుకాణం. చుట్టుపక్కల పల్లెల నుంచి సరుకులకు వచ్చే పిల్లల పళ్ల మీద పచ్చటి గీతలుండేవి. నలభై ఏళ్ల మనుషులు మోకాళ్లు పట్టుకుని అరుగు ఎక్కేవాళ్లు. బోరు నీళ్లలో ఫ్లోరైడ్ అని నాయిన చెప్పేవాడు, చెప్పి పంచదార తూచేవాడు. పెళ్లయి మహబూబాబాద్ వచ్చాక ఒకసారి బస్సులో బయ్యారం మీదుగా పోతుంటే దారి పక్కన ఎర్రటి రాళ్ల గుట్ట కనిపించింది. ఇనుప రాయి. ఇనుము తుప్పుకు ఫ్లోరైడ్‌ను పట్టుకునే గుణం ఉందని ఆమెకు తెలుసు. ఆ రాయిని తగిన వేడిలో కాలిస్తే లోపలి నీరు పోయి, సన్నటి రంధ్రాలు తెరుచుకుని, ఇంకా ఎక్కువ పట్టుకుంటుంది కదా అన్న ఆలోచన ఆమెకు ఆ బస్సులోనే, కిటికీ పక్క సీట్లో వచ్చింది. ఉపేందర్ మరుసటి ఆదివారం బైకు మీద పోయి సిమెంటు సంచి నిండా రాళ్లు తెచ్చాడు. అది ఆయన చేసిన పని, కాదనడానికి లేదు.

మిగతాదంతా ఆమె చేసింది. అప్పుడు ఇద్దరూ మహబూబాబాద్‌లో ఒకే డిగ్రీ కాలేజీలో చెప్పేవాళ్లు. కాలేజీలో రాళ్లు పిండి చేసే మిషను లేదు. ఏడో నెల కడుపుతో ఇంటి పెరట్లో కూర్చుని రోట్లో దంచింది. "పసుపు దంచే రోట్ల రాళ్లు దంచుడేందమ్మా, కడుపులున్న పిల్లకు ఏం నేర్పుతున్నవు," అని మణెమ్మ మూడు రోజులు ఆ రోటిని ముట్టలేదు. క్లాసులయ్యాక సాయంత్రం దాకా ల్యాబులో ఆ పొడిని కాల్చేది. ఒక వేడిలో కాల్చి నీళ్లలో పరీక్షించేది, కుదరకపోతే ఇంకో వేడి. అరవై నాలుగు సార్లు. అటెండరు లచ్చయ్య తలుపు దగ్గర స్టూలేసుకుని కూర్చుని, ఆమె నడుం పట్టుకున్నప్పుడల్లా కుర్చీ ముందుకు తోసేవాడు. పేపరు రాసింది కూడా ఆమే. పంపే వేళకు ఆమె దవాఖానాలో ఉంది, పక్కన రెండు రోజుల కూతురు క్రాంతి. "నువ్వు బాలింతవు, ఎడిటర్ అడిగేటియన్ని ఎవరు చెప్పాలె? నా పేరు ముందలుంటే పని జల్దిగైతది," అన్నాడు ఉపేందర్. అప్పుడామెకు అది న్యాయంగానే తోచింది, నిద్ర కూడా వస్తోంది. మొదటి పేరు ఆయనది, జవాబులిచ్చే రచయితగా ఫోన్ నంబరూ ఆయనదే. ఆ ఏడాదే ఆ పేపరు చూపించి ఆయన యూనివర్సిటీ ఉద్యోగంలో చేరాడు. తర్వాత వచ్చిన పది పేపర్లూ మొదటిది నడిచిన దారినే నడిచాయి. ఆమె పీహెచ్‌డీ రిజిస్ట్రేషన్ గడువు దాటి రద్దయింది. "ఇంటికొక్క డాక్టరు చాలు బిడ్డా, మనదేమన్న దవాఖాననా," అని మణెమ్మ నవ్వించింది. యశోద అదే కాలేజీలో పదకొండేళ్లుగా గెస్ట్ లెక్చరర్. ప్రతి జూన్‌లో కొత్తగా దరఖాస్తు పెట్టుకుంటుంది.

పదిన్నరకు ఆమె క్లాసు. తొమ్మిదింటికి గిన్నెలు కడిగి, చేతులు తుడుచుకుని, భూపాలపల్లి అమ్మాయి మెయిల్ తెరిచింది. పేరు రచన. నాన్న బొగ్గు బావి కార్మికుడు. యూనివర్సిటీలో పరిశోధన చేస్తోంది. ఎర్రరాయి పేపర్లో చెప్పిన పద్ధతిని పద్నాలుగు నెలలుగా చేస్తోంది, ఒక్కసారీ ఫలితం రాలేదు. 'సార్, దయచేసి నా తప్పేమిటో చెప్పండి' అని ముగించింది. కింద ఫోన్ నంబరుంది. మిగతా మూడు మెయిళ్లు ఉపేందర్ తనకు పంపనేలేదని యశోదకు అప్పుడు తెలిసింది.

ఫోన్ చేసింది. సార్ భార్యనని చెప్పగానే అవతల అమ్మాయి లేచి నిలబడినట్టుంది, కుర్చీ జరిగిన చప్పుడైంది.

"మేడం, పేపర్ల ఎట్లున్నదో అట్లనే చేసిన మేడం. బయ్యారం పోయి రాయి తెచ్చిన. నాలుగు వందల డిగ్రీలల్ల మూడు గంటలు కాలవెట్టిన. మాది కొత్త ఫర్నేస్, ఒక్క డిగ్రీ గూడ అటిటు గాదు. మా గైడు ఏమంటుండంటే, మూడు వందల మంది సైట్ చేసిన పేపరు తప్పెట్లయితది, నీ చేతిలనే ఏదో లోపముంది అంటుండు. డిసెంబరుతోని నా ఫెలోషిప్ ఐపోతది మేడం."

"ఒక్క డిగ్రీ గూడ అటిటు గాదా?" అని యశోద మళ్లీ అడిగింది.

"గాదు మేడం."

యశోద కళ్లు గోడ గడియారం మీదికి పోయాయి. ఆ ఇంట్లో అది పది నిమిషాలు ముందుంటుంది. రైలు తప్పిపోకుండా మామగారు ఉన్నప్పుడు అట్లా పెట్టాడు. ఆయన పోయి ఆరేళ్లయినా ఎవరూ సరిచేయలేదు. చూసిన ప్రతివాళ్లూ మనసులో పది తీసేసుకుంటారు. ఎనిమిదీ పది చూపిస్తే ఎనిమిదింటికి అని అలవోకగా అనేస్తారు. కాలేజీ ఫర్నేస్ కూడా అంతే. పాతది, దాని మీదున్న అంకెల డబ్బా అసలు వేడి కంటే ఎనభై డిగ్రీలు ఎక్కువ చూపిస్తుంది. ఆ సంగతి మొదట కనిపెట్టింది యశోదే. లచ్చయ్య చెరువులో చేపలు పడతాడు, అతని వలకు కట్టే సీసం గుండు ఒకటి అడిగి తీసుకుని లోపల పెట్టింది. సీసం మూడు వందల ఇరవై ఏడు డిగ్రీల దగ్గర కరుగుతుంది. డబ్బా మీద నాలుగు వందల ఏడు పడ్డాక గానీ అది కరగలేదు. 'ఎనభై తీసెయ్యాలె' అని చీటీ రాసి ఫర్నేస్ తలుపు మీద అంటించింది. తర్వాత ఎవరో తనిఖీకి వస్తున్నారని ప్రిన్సిపాల్ రంగులేయించినప్పుడు ఆ చీటీ పోయింది. పోయినా ఏమీ కాలేదు, ఆ ల్యాబులో పనిచేసే యశోదకూ లచ్చయ్యకూ అది నోటికి వచ్చు. ఆమె నోటు పుస్తకంలో డబ్బా చూపించిన అంకెనే రాసుకుంది. ఎనభై తీసేయడం ఇంటి గడియారంలా మనసు పని, కాగితం పని కాదు. బాలింతగా మంచం మీద ఒడిలో పుస్తకం పెట్టుకుని పేపరు పూర్తి చేసినప్పుడు, నాలుగు వందలు అని రాసి ఉంటే నాలుగు వందలు అనే రాసింది. ఆ తర్వాతి పేపర్లన్నీ అదే ఫర్నేస్‌లో చేసినవే కాబట్టి తమకు ఎన్నడూ తేడా రాలేదు.

మరి మూడు వందల పన్నెండు మంది ఏం చేసినట్టు? ఆలోచిస్తే నవ్వొచ్చింది యశోదకు. పెళ్లి కార్డు వెనక చుట్టాల పేర్లు వేసినట్టు, పేపరు చివర ఇంకో పేపరు పేరు వేస్తారు. పేరున్న ప్రతివాళ్లూ వచ్చి వంట చేస్తారా? నిజంగా రాయి తెచ్చి, దంచి, కాల్చి చూసింది ఈ పిల్ల ఒక్కతే అయి ఉంటుంది. ఆ ఒక్కదాన్నీ 'నీ చేతిలో లోపం' అన్నారు. నవ్వు అక్కడే ఆగిపోయింది.

"రచనా, రేపు నీ పొడి తీసుకొని మానుకోటకు రాగలవా? పొద్దుగాల్నే రావాలె," అంది. తమ ఊరిని అక్కడివాళ్లు అట్లాగే పిలుస్తారు.

"వస్త మేడం. సార్ ఉంటరా?"

"సార్ అవసరం లేదు. నేనుంట."

శనివారం రచన మొదటి బస్సుకు వచ్చేసింది. సన్నటి పిల్ల, భుజాన బ్యాగు, చేతిలో రెండు స్టీలు డబ్బాలు. ఒకదానిలో దంచిన ఎర్రరాయి, రెండోదానిలో వాళ్లమ్మ పంపిన సర్వపిండి. లచ్చయ్య ల్యాబు తలుపు తీసి, పాత ఫర్నేస్ మీద దుమ్ము దులిపాడు. యశోద అడగకముందే జేబులోంచి సీసం గుండు తీసి ఆమె అరచేతిలో పెట్టాడు.

"గీ డబ్బా సంగతి నాకెర్కే గద మేడం. ఎనభై ఎక్కువ చూపుతది. గీ పిల్లకు ఎవలు చెప్పలేదా?"

"నేనే చెప్పలే లచ్చన్నా. ఎవలకు చెప్పలే," అంది యశోద.

డబ్బా నాలుగు వందలు చూపించినప్పుడు సీసం గుండు గట్టిగానే ఉంది. నాలుగు వందల ఏడు దాటాక అంచులు మెత్తబడి, గిన్నెలో నీటి బొట్టులా గుండ్రంగా చేరింది. రచన కిందికి వంగి కళ్లార్పకుండా చూసింది. తర్వాత డబ్బా అంకెను మళ్లీ నాలుగు వందలకు దించి, అంటే అసలు వేడి మూడు వందల ఇరవై దగ్గర, రచన తెచ్చిన పొడిని మూడు గంటలు కాల్చారు. చల్లారేలోపు ముగ్గురూ సర్వపిండి తిన్నారు. కాలిన పొడిని బోరు నీళ్లలో వేసి గంటసేపు కలిపి, వడగట్టి, రంగు ద్రవం చుక్కలు వేశారు. ఫ్లోరైడ్ ఉంటే నీళ్లు పచ్చగా ఉండిపోతాయి, పోతే గులాబీ రంగుకు తిరుగుతాయి. రచన తన చేత్తోనే చుక్కలు వేసింది. మూడో చుక్కకు నీళ్లు గులాబీ రంగుకు తిరిగాయి.

రచన స్టూలు మీద కూర్చుని, ఒడిలో తన రెండు చేతులూ వెల్లకిలా పెట్టుకుని వాటిని చూసుకుంది.

"మంచిగనే ఉన్నయి గద మేడం, నా చేతులు," అంది.

యశోదకు సిగ్గూ సంతోషమూ ఒక్కసారే ముంచుకొచ్చాయి. తను కాగితం మీద పెట్టని ఎనభై, ఈ పిల్ల బతుకులో పద్నాలుగు నెలలు తిన్నది. ఆ సిగ్గు నిజం. కానీ పదకొండేళ్ల కిందట బస్సు సీట్లో తనకు తట్టిన ఆలోచన కూడా నిజమే, ఇదిగో వేరే అమ్మాయి చేతుల్లో గులాబీ రంగుకు తిరిగింది. రచన బ్యాగు సర్దుకుంటూ, "పేపర్ల రెండో పేరు మీదేనా మేడం? సార్ దగ్గర చదువుకునే స్టూడెంట్ అనుకున్న," అంది అమాయకంగా. బస్టాండు దాకా నడిచి ఆ పిల్లను బస్సెక్కించి, ఎడిటర్‌కు దిద్దుబాటు పంపుతానని మాటిచ్చి, యశోద ఇంటికి వచ్చింది. వస్తూ దారిలో కూరగాయలు కూడా కొంది, ఎందుకంటే మర్నాడు ఆదివారం, ఆడపడుచు వాళ్లు భోజనానికొస్తున్నారు.

చుట్టాలు తిని వెళ్లాక, ఆదివారం మూడింటికి, ఉపేందర్ సోఫాలో నడుం వాల్చినప్పుడు యశోద విషయం చెప్పింది. సీసం గుండు దగ్గర మొదలుపెట్టి గులాబీ రంగు దాకా అంతా చెప్పి, ఎడిటర్‌కు దిద్దుబాటు పంపుతానంది. ఉపేందర్ లేచి కూర్చున్నాడు. నవ్వే ప్రయత్నం చేశాడు.

"సరే, తప్పైంది. పదకొండేండ్లు ఎవలు అడగలే. ఇంక పదిహేను రోజులల్ల నా ఇంటర్వ్యూ ఉన్నది. అది ఐపోయినంక సూద్దాం. ఆ పిల్లకు 'నీ రాయి వేరు, మేం వాడిన రాయి వేరు' అని చెప్పు, ఊకుంటది."

"ఆ పిల్ల గూడ బయ్యారం రాయే తెచ్చింది. నా ముందటనే పని చేసింది. అబద్ధమెట్ల చెప్త?"

"అబద్ధమేంది, జర ఆగుమంటున్న. నా పేపర్లల్ల పెద్దది అదే. దాంట్ల తప్పుందని నువ్వే బయట పెడితే కమిటీ నన్నేమనుకుంటది? యశోదా, నువ్వు జర ఆలోచించు. నా ఇరవై ఏండ్ల కష్టం."

యశోద ఆలోచిస్తూనే ఉంది. సైటేషన్లు లెక్కపెట్టేటప్పుడు పేపరు ఆయనది, రాళ్లు దంచేటప్పుడు ఇద్దరిదీ. ఇప్పుడు తప్పు దగ్గరికి వచ్చేసరికి ఎవరిదవుతుందో చూద్దామని ఆమెకు అనిపించింది. నిజంగానే చూడాలనిపించింది, అందుకే మాట్లాడకుండా నిలబడింది. ఆ మౌనానికి ఉపేందర్‌కు అరికాలి మంట నెత్తికెక్కింది. లోపలి నుంచి మణెమ్మ "ఏందిరా లొల్లి" అని రావడంతో ఇంకాస్త ఎక్కింది.

"ఏముందే అమ్మా. నీ కోడలు తప్పు కొలిచి నన్ను బజార్ల నిలవెడుతాంది." మళ్లీ యశోద వైపు తిరిగాడు. "ఎనభై తక్కువో ఎక్కువో నాకేమెర్క? ఆ పొయ్యి కాడ నిలవడ్డది నువ్వు. కొలిచింది నువ్వు, పుస్తకంల రాసింది నువ్వు, పేపర్ల రాసింది నువ్వు. నేనెప్పుడన్న దాని బటన్ ముట్టిన్నా? తప్పు ముమ్మాటికి నీది."

ఈ మాట కోసం యశోద పదకొండేళ్లు ఎదురుచూసింది. ఏదో ఒక రోజు, ఏ సన్మాన సభలోనో, ఏ చుట్టాల ముందో ఆయన నోటి నుంచి వస్తుందనుకుంది. అది ఇట్లా నింద రూపంలో, ఆదివారం మధ్యాహ్నం సోఫాలోంచి వస్తుందని అనుకోలేదు. వచ్చిన తీరు ఎట్లా ఉంటేనేం, మాట నిజం. ఒక్క అక్షరం తీసేయడానికి లేదు. తప్పు తనదని ఒప్పుకుంటే పని తనది కాదని ఎవరూ అనలేరు కదా అని అప్పుడే తట్టిందామెకు, అంత సులువైనది ఇన్నేళ్లు ఎందుకు తట్టలేదా అని ఆశ్చర్యమూ వేసింది.

"నిజమే. మీరు ముట్టలే," అంది నెమ్మదిగా. మణెమ్మ కొడుకు ముఖం, కోడలి ముఖం మార్చి మార్చి చూసింది. "మరి ముట్టనోడివి నీ పేరెందుకు వెట్టుకున్నవురా ముందల," అనేసింది, ఏ దురుద్దేశమూ లేకుండా, తెలియక అడిగినట్టే. ఉపేందర్ టీవీ పెట్టుకున్నాడు.

సోమవారం పొద్దున యశోద అన్నం కుక్కరు ఎక్కించి, మూడు విజిల్స్ వచ్చేలోపు డైనింగు టేబుల్ దగ్గర కూర్చుని ఎడిటర్‌కు ఉత్తరం పూర్తి చేసింది. నోటు పుస్తకం పేజీల ఫొటోలు, అరవై నాలుగు ప్రయోగాలవీ, శనివారం నాటి సీసం పరీక్ష ఫలితం కలిపి పెట్టింది. ఏ పేపరుకైనా రాసినవాళ్లలో ఎవరైనా తప్పు తెలిస్తే చెప్పవచ్చు, చెప్పాలి కూడా. ఆ సంగతి ఆమె ఎన్నోసార్లు ఉపేందర్ తరఫున ఎవరెవరికో జవాబులు రాసినప్పుడే చదివి పెట్టుకుంది. పంపించి, కాపీ భర్తకూ రచనకూ పెట్టి, లేచి పప్పు తాలింపు వేసింది.

ఉపేందర్ స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. రాత్రంతా ఆలోచించినట్టున్నాడు, గొంతు మెత్తగా ఉంది. "ఏమో కోపంల అన్న, మనసుల వెట్టుకోకు. సంతకం వెట్టినవా? ఇయ్యాల ఆఖరు," అన్నాడు.

యశోద కాగితాల కట్టను ఆయన చేతికిచ్చింది. పెన్సిలు గుర్తు అట్లాగే ఉంది, గీత మీద ఏమీ లేదు.

"ఈ పదకొండింటికి సంతకం పెట్ట. మీయి పన్నెండున్నయి గద, వాటి మీద అడుగుర్రి. పట్టిక మార్చి వేరేగ ప్రింటు తీసిన, కిందున్నది సూడుర్రి."

"అరవై ఐదు సైటేషన్లతోని ప్రొఫెసర్ ఇస్తరా నాకు?"

"ఇయ్యకపోతే ఇంక నాలుగు పేపర్లు రాయుర్రి. ఈసారి నేను జూన్ల నా పీహెచ్‌డీ మల్ల రిజిస్టర్ చేసుకుంటున్న, నాకు టైముండది. పొద్దుగాల మీ బాక్సు మీరు కట్టుకోవాలె."

ఉపేందర్ కాగితాలు టేబుల్ మీద పడేశాడు. ఇంతలో ఏదో గుర్తొచ్చి, "ఆ మెయిల్... ఎడిటర్‌కు ఇంక పంపలే గద?" అన్నాడు.

"పంపిన. మీకు గూడ వచ్చింది."

ఆయన జేబులోంచి ఫోన్ తీశాడు. రైలు టైము దాటిపోతోందని మణెమ్మ హాల్లోంచి రెండుసార్లు కేకేసింది. ఆయన వినలేదు. నిలబడే చదివాడు, మధ్యలో పైకి పోయి మళ్లీ మొదటి నుంచి చదివాడు. ఉత్తరంలో ఆయన మీద నింద ఒక్కటి లేదు, ఫిర్యాదు లేదు, ఆయన పేరైనా లేదు. ఆఖరి పంక్తుల దగ్గర ఆయన వేలు ఆగింది.

'ఈ పద్ధతిని ఆలోచించిన రోజు నుంచి పేపరు రాసిన రోజు వరకు ఆ ఫర్నేస్ దగ్గర నిలబడింది నేను ఒక్కదాన్నే. ఎనభై డిగ్రీల తేడా తెలిసిందీ, రాయడం మరిచిందీ నేనే. మరెవరికీ ఇందులో ఎలాంటి పాత్రా లేదు. ఈ తప్పు పూర్తిగా నాది.'